ఈతకు మించిన లోతు

"ఈతకు మించిన లోతు లేదు" అని మన పెద్దలు ఒక సామెత చెప్పారు. ఈత వచ్చినవానికి నిలువెత్తు నీరైనా, తాటిచెట్టంత నీరైనా ఒక్కటే అని దాని తాత్పర్యం. చేతిలో విద్య ఉన్నవాడు కష్టం ఎంతటిదని లెక్కించనక్కరలేదని దాని ధ్వని. ముప్ఫై ఏళ్ళకు పైగా తరగతిగదిలో ఈ సామెతను పిల్లలకు వివరించినవాడిని గనుక దానిపై నాకు మమకారం ఎక్కువే. అయితే అది నీటిపై తేలేవాని సామెత. నీటిలోపల ఊపిరి తీసే విద్య ఒకటి పుట్టిన తరువాత దానికి పెద్ద మినహాయింపు ఏర్పడింది. ఆ మినహాయింపు చరిత్రే ఈ వ్యాసం.

జీలుగు బెండ్లు నడుముకు కట్టుకొని దిగుడుబావిలో ఈత నేర్చిన మా తరంవారికి, క్రింద ఎన్ని నిలువుల నీరున్నదనే చింత ఉండేది కాదు. మనిషి ఉండేది పైననే కదా! వీపున గాలి సిలిండరు కట్టుకొని, నోట గొట్టం కరచుకొని దిగేవాని సంగతి వేరు. దీనినే స్కూబా డైవింగు అంటారు. నీటిలోనికి తనతో తాను మోసుకొనిపోయే శ్వాసపరికరం అనే అర్థంగల అయిదు ఆంగ్లపదాల మొదటి అక్షరాలు కలిసి ఏర్పడిన మాట అది. ఇతనికి లోతు అంటే క్రింద ఉన్న నీరు కాదు, పైన ఉన్న నీరు. ప్రతి 10 మీటర్లకు మరొక వాతావరణమంత బరువు మీద పడుతుంది. 30 మీటర్ల వద్ద పీడనం నాలుగింతలు, 60 మీటర్ల వద్ద ఏడింతలు. పీల్చే గాలి కూడా అదే లెక్కన ఖర్చవుతుంది. పైన గంటసేపు సరిపోయే గాలి 30 మీటర్ల లోతులో పావుగంటకు, 60 మీటర్లలో తొమ్మిది నిమిషాల లోపున అయిపోతుంది. ఇది చాలదన్నట్లు, మనం నిత్యం పీల్చే అమాయకమైన నత్రజని సుమారు 30 మీటర్లు దాటిన తరువాత మద్యం వలె మత్తు కలిగిస్తుంది. ఇది సారామత్తు కన్న ప్రమాదకరం. ఎందుకంటే మత్తులో ఉన్నానని తెలుసుకోవలసిన బుద్ధినే అది ముందుగా హరిస్తుంది.

ద్వైపాయన హ్రదంలో జలస్తంభన విద్యతో దాగిన దుర్యోధనుడు మనకందరికీ తెలిసినవాడే. తిక్కనగారి భారతం చదివినవారికి ఆ ఘట్టం కళ్ళకు కట్టినట్లుంటుంది. ఆయనను పైకి రప్పించినవి పాండవుల నిష్ఠురోక్తులు గాని నీటి బరువు కాదు. మానవమాత్రులకు అటువంటి విద్య లేదు. వారికి ఉన్నది పరికరం. పరికరానికీ విద్యకూ మధ్య గల ఎడమే నూటయాభై ఏళ్ళుగా ప్రాణాలు తీస్తున్నది.

మొదటి కథ గ్రీసు దేశానిది. సిమి, కాలిమ్నోస్ అనే ద్వీపాలవారు తరతరాలుగా సముద్రపు అడుగున స్పంజీలు కోసి బ్రతికినవారు. ఒక బల్లపరుపు రాయిని చేతబట్టి, ఒక్క ఊపిరితో అడుగుకు దిగి, కోసుకొని పైకి వచ్చేవారు. నీటి విద్యలో వారిని మించినవారు ఆనాడు లేరన్నా అతిశయోక్తి కాదు. 1860ల దశకంలో వారికి లోహపు శిరస్త్రాణం, నీరు చొరని దుస్తులు, పడవపైనుండి పంపుతో గాలి కొట్టే గొట్టం అందాయి. ఒక్క ఊపిరితో దిగేవానికి ఆ ఊపిరే హద్దు. అది అయిపోగానే శరీరం తానే పైకి లాగుకొని వస్తుంది. గొట్టం ఆ హద్దును చెరిపివేసింది. ఎంతసేపైనా ఉండవచ్చు, ఎంత లోతుకైనా దిగవచ్చు అనిపించింది. పడవపైకి వచ్చి దుస్తులు విప్పుతుండగానే కాళ్ళు చచ్చుబడి కూలిపోయేవారు. ఎందరో మరణించారు. ఎందరో అవిటివారై ఆ ద్వీపాలలో మిగిలిపోయారు.

దీనికి కారణం గోలీసోడా త్రాగిన ప్రతివానికీ తెలిసినదే. గోలీని లోపలికి నొక్కగానే పానీయంలో అణగి ఉన్న వాయువు బుస్సుమని బుడగలై పొంగుతుంది. లోతులో ఎక్కువసేపు ఉన్నవాని రక్తమాంసాలలో నత్రజని అట్లాగే కరిగి చేరుతుంది. నెమ్మదిగా పైకి వస్తే ఊపిరితో పాటు మెల్లగా వెళ్ళిపోతుంది. తొందరపడితే ఒంటిలోనే బుడగ కడుతుంది. ఈ రహస్యాన్ని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బెర్ 1878లోనే తన మహాగ్రంథంలో నిరూపించాడు. కాని గ్రంథం ఉన్నది పారిస్‌లో, అవసరం ఉన్నది సిమిలో. 1900లో సిమి పడవవారే ఆంటికిథెరా ద్వీపం చెంత రెండువేల ఏళ్ళ నాటి ఓడను కనుగొన్నారు. కంచు విగ్రహాలు, గ్రహగతులు లెక్కగట్టే ప్రసిద్ధ యంత్రం ఆ ఓడలోనివే. వాటిని వెలికితీసే పనిలో 1901 నాటికి ఒక డైవరు మరణించాడు, ఇద్దరు పక్షవాతం పాలైనారు. బెర్ గ్రంథం వెలువడి అప్పటికి ఇరవై ఏళ్ళు దాటింది. ఏ లోతునుండి ఎంత మెల్లగా, ఎక్కడెక్కడ ఆగి పైకి రావాలో చెప్పే పట్టికలను బ్రిటనులో జాన్ స్కాట్ హాల్డేన్, మేకలపై ప్రయోగాలు జరిపి, 1908లో ప్రకటించాడు. అంతవరకు ఆ ఎక్కాలు లేకుండానే లెక్కలు చేశారన్నమాట.

ఇక్కడ గమనించవలసిన విశేషం ఒకటున్నది. సిమి డైవర్లు చేతగానివారు కారు. వారి పాత విద్యలో వారు నిష్ణాతులు. క్రొత్త పరికరం ధరించిన మరుక్షణం వారు మళ్ళీ ఓనమాల పిల్లలైనారు. ఆ సంగతి వారికి చెప్పినవారు లేరు. పాత అనుభవం వారికి ధైర్యాన్ని ఇచ్చింది గాని జ్ఞానాన్ని ఇవ్వలేదు.

1943లో ఫ్రాన్సులో ఝాక్ ఈవ్ కూస్తో అనే నౌకాదళాధికారి, ఎమిల్ గాన్యా అనే ఇంజనీరు కలిసి, పీల్చినప్పుడు మాత్రమే, కావలసిన పీడనంలో గాలిని అందించే మీటను సిద్ధం చేశారు. పడవతో గొట్టపు సంబంధం తెగిపోయింది. మనిషి నీటిలో చేప వలె స్వేచ్ఛ పొందాడు. ఆ స్వేచ్ఛ వెల వెంటనే తెలిసివచ్చింది. కూస్తో బృందంలోని మోరిస్ ఫార్గ్ 1947లో లోతు ఎంతవరకు పోగలమో చూడడానికి త్రాడు వెంట దిగాడు. త్రాడుకు అక్కడక్కడ పలకలు కట్టి ఉంచారు. చేరినవారు వాటిపై సంతకం పెట్టాలి. 120 మీటర్ల చోట గల పలకపై ఆయన సంతకం దొరికింది. ఆయన ప్రాణం దక్కలేదు. మత్తు ఆవరించి నోటి గొట్టం జారిపోయింది. పలకపై వ్రాసిన అక్షరాలు చూస్తూ జీవితం గడిపిన నాబోటివానికి ఆ సంతకం తలపుకు వస్తే మనసు ఒక విధంగా అయిపోతుంది.

1956లో కూస్తో తీసిన సముద్రగర్భ చిత్రానికి కాన్ ఉత్సవంలో అత్యున్నత పురస్కారం లభించింది. చూసిన ప్రతి యువకునికీ దిగాలనే కోరిక పుట్టింది. దుకాణంలో పరికరం దొరుకుతుంది, విద్య దొరకదు. ఈ లోటు పూడ్చడానికే సంఘాలు వెలిశాయి. బ్రిటనులో 1953లో ఒకటి, అమెరికాలో 1960లోను 1966లోను మరి రెండు పెద్దవి ఏర్పడి పాఠ్యప్రణాళికలు, పరీక్షలు, యోగ్యతాపత్రాలు నెలకొల్పాయి. నేడు సాధారణంగా తొలి యోగ్యతాపత్రం పొందినవానికి 18 మీటర్లు, తరువాతి మెట్టు ఎక్కినవానికి 30 మీటర్లు, వినోదం కోసం దిగేవారెవరికైనా 40 మీటర్లు హద్దు. ఈ అంకెలు ఎవరో గుమాస్తా కాగితంపై గీసిన గీతలు కావు. ఒక్కొక్క అంకె వెనుక ఇంతకు మునుపు చెప్పిన మత్తు, బుడగ, గాలి లెక్కలున్నాయి.

నా వద్ద పదవ తరగతి చదివి, నేడు బెంగుళూరులో సాఫ్టువేరు ఉద్యోగం చేస్తున్న శిష్యుడొకడు ఈ మధ్య ఫోను చేశాడు. అండమానులో, 2018 నుండి స్వరాజ్ ద్వీప్ అని వ్యవహరిస్తున్న హేవ్‌లాక్‌లో, నాలుగు రోజులు శిక్షణ పొంది తొలి యోగ్యతాపత్రం తెచ్చుకొన్నాడు.

"మాస్టారూ, వచ్చే శీతాకాలం మెక్సికో వెళ్తున్నామండీ. అక్కడ నీళ్ళ గుహలున్నాయి, వాటిల్లో దిగుతాం" అన్నాడు.

"ఎంత లోపలికి నాయనా?" అని అడిగాను.

"వెళ్ళగలిగినంత లోపలికండీ. భయం లేదు మాస్టారూ, నాతో వచ్చేవాడు ఇప్పటికి వంద డైవులు చేశాడు."

"ఆ వందా ఎక్కడ?"

"సముద్రంలోనేనండీ."

పిల్లవాడు తెలివైనవాడు, పిరికివాడు కాడు, మూర్ఖుడు అసలే కాడు. నాకు కలవరం కలిగించినది అతని నాలుగు రోజుల చదువు కాదు, మిత్రుని వంద డైవులు. మన పదవ తరగతిలో 35 మార్కులు వస్తే ఉత్తీర్ణత. ఆ కాగితం 35 వచ్చినవని చెబుతుంది. రాని 65 ఏమిటో అందులో ఉండదు. నేర్చినదానికి సాక్ష్యమిచ్చే పత్రాలే గాని, నేర్వనిదానికి సాక్ష్యమిచ్చే పత్రం ఏ విశ్వవిద్యాలయమూ ఇవ్వదు. ఈ వ్యాసం పూర్తికాగానే మొదట అతనికే పంపుతాను. ఇక ముందున్నది ఆ వంద డైవులను గురించిన చరిత్ర.

అమెరికాలో స్క్రిప్స్ సముద్రశాస్త్ర సంస్థలో కాన్రాడ్ లింబా అనే జీవశాస్త్రజ్ఞుడు ఉండేవాడు. స్కూబాను అమెరికా శాస్త్రజ్ఞులకు క్రమపద్ధతిలో నేర్పిన తొలి గురువులలో ఆయన ఒకడు. అక్కడి డైవర్లకు ప్రధానాధికారి. 1960 మార్చిలో ఫ్రాన్సులోని కాసీ పట్టణం వద్ద సముద్రంలో కలిసే పోర్ మియూ అనే భూగర్భనదిలోనికి దిగి, ఆ చీకటి మార్గాలలో దారితప్పి మరణించాడు. సముద్రంలో ఆయనకు తెలియనిది లేదు. కాని సముద్రంలో ఎటు దిక్కుతోచకపోయినా 'పైకి' అనే దిక్కు ఒకటి ఎల్లప్పుడూ ఉంటుంది. గుహలో పైకప్పు ఉంటుంది. గురువుకే అట్లా జరిగితే శిష్యుల సంగతి చెప్పనేల?

శిష్యుల సంగతి దక్షిణ ఆస్ట్రేలియాలోని మౌంట్ గాంబియర్ ప్రాంతం చెప్పింది. అది సున్నపురాతి నేల. పచ్చిక బయళ్ళ మధ్య అక్కడక్కడ నేల కూలి ఏర్పడిన నీటి గుంటలు, వాటి క్రింద గుహలు. నీరు స్ఫటికం వలె తేట. ఎంత లోతున్నదో కంటికి తెలియనంత తేట. ఆ తేటదనమే ఉచ్చు. దూరనగరాలనుండి సముద్రంలో డైవింగు నేర్చిన యువకులు వారాంతంలో కార్లలో వచ్చి దిగేవారు. 1969లో కిల్స్‌బీ గుంటలో ఇద్దరు, 1972లో పికనినీ మడుగులలో ఇద్దరు, 1973 మే నెలలో షాఫ్ట్ అనే గుంటలో నలుగురు, 1974లో అలెన్స్ గుహలో ముగ్గురు మరణించారు. అయిదేళ్ళలో పదకొండుగురు.

వీటిలో షాఫ్ట్ కథ మన విషయానికి మూలం వంటిది. పొలంలో మనిషి పట్టేటంత రంధ్రం. దానిగుండా దిగితే క్రింద విశాలమైన నీటి మందిరం. పైనుండి ఒక్క సూర్యకిరణపు స్తంభం నీటిలో దిగి, రాళ్ళగుట్టపై పడుతుంది. ఆ గుట్టనుండి నేల ఏటవాలుగా చీకటిలోనికి జారిపోతుంది. తొమ్మిదిమంది బృందంలో నలుగురు తాము అనుకొన్న హద్దు దాటి ఆ వాలు వెంట పోయారు. దారి చూపే త్రాడు వెంట లేదు. గాలి వేగంగా తరుగుతున్నది, నత్రజని మత్తు తలకెక్కుతున్నది, వెనుకకు తిరిగి చూస్తే వెలుతురు స్తంభం కనబడని చోటు. అందరి దేహాలను వెలికితీసేసరికి దాదాపు ఏడాది పట్టింది.

ఇక్కడ మనకు అభిమన్యుడు గుర్తుకు రాక మానడు. పద్మవ్యూహం చొరవడం తెలుసు, బయటపడడం తెలియదు. అయితే మన ఉపాధ్యాయులు ఈ ఉపమానాన్ని వాడేటప్పుడు ఒక ముఖ్యాంశాన్ని వదిలివేస్తారు. అభిమన్యునికి తనకు తెలియనిదేదో తెలుసు. ఆ సంగతిని ధర్మరాజుకు ముందే విన్నవించాడు. వెంట వస్తామని మాట ఇచ్చినవారిని సైంధవుడు అడ్డుకొన్నాడు గనుక ఆ అనర్థం జరిగింది. షాఫ్ట్‌లో దిగినవారికి తాము వ్యూహంలో అడుగిడుతున్నామనే స్పృహ కూడ లేదు. వారి దృష్టిలో అది కూడ నీరే. ఎప్పుడూ దిగే నీరే.

ఆ దుర్ఘటన జరిగిన కొద్ది నెలలకు, 1973 సెప్టెంబరులో, అక్కడి డైవర్లే ఒక గుహాడైవింగు సంఘాన్ని స్థాపించుకొన్నారు. గుంటలను కష్టాన్నిబట్టి తరగతులుగా విభజించారు. ఏ తరగతి పరీక్షలో నెగ్గినవాడు ఆ తరగతి గుంటలోనే దిగాలి. సముద్రంలో వేయి డైవులు చేసినవాడైనా ఇక్కడ మొదటి తరగతి విద్యార్థే. ఆ తరువాత ప్రమాదాలు బొత్తిగా ఆగిపోయినవని చెప్పను. 1984లోను, 2010, 2011లలోను మరణాలు సంభవించాయి. కాని ఆ అయిదేళ్ళ వరుస చావుల వంటి కాలం మళ్ళీ రాలేదు. పూర్తిగా నిషేధించి ఊరుకోవడం సులభమైన మార్గం. వారు విద్య నేర్పే మార్గాన్ని ఎన్నుకొన్నారు. ఉపాధ్యాయుడిగా నాకు ఆ సంఘంపై గౌరవం కలగడానికి ఇదే కారణం.

అమెరికాలో ఇదే పనిని ఫ్లోరిడా నీటిబుగ్గల గుహలలో షెక్ ఎక్స్‌లీ చేశాడు. ఆయన బడిపంతులు కూడ, గణితం బోధించేవాడు. ప్రమాదాలను ఒక్కొక్కటిగా విడదీసి, ఏ నియమం తప్పడంవల్ల ఎవరు పోయారో పరిశీలించి 1979లో ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. తేలిన సూత్రాలు మూడు. బయటి వెలుతురునుండి తెగని త్రాడు వేసుకొంటూ పోవాలి. గాలిలో మూడోవంతు పోవడానికి, మూడోవంతు రావడానికి, మూడోవంతు ఆపదకు. యోగ్యతకు మించిన లోతుకు పోరాదు. తరువాత వీటికి గుహలకే ప్రత్యేకమైన శిక్షణ, ఒక్కొక్కరి వద్ద మూడు దీపాలు అనే నియమాలు చేరాయి. చదవగానే ఇంతేనా అనిపిస్తుంది. పెద్దబాలశిక్ష కూడ అంతే కదా!

నేడు ఫ్లోరిడాలోను, మెక్సికోలోను అనేక గుహలలో సూర్యరశ్మి ఆగిపోయే చోట ఒక ఫలకం కనబడుతుంది. కొడవలి పట్టిన మృత్యుదేవత బొమ్మ దానిపై ఉంటుంది. ఇటువంటి గుహలలో మూడువందలకు పైగా మరణించారని, వారిలో బయటి నీటిలో డైవింగు నేర్పే శిక్షకులు కూడ ఉన్నారని దాని సారాంశం. ఫలకానికి ఇవతల, వెలుతురున్న మేరలో, అక్కడి మార్గదర్శకుని వెంట నా శిష్యుని వంటివారు చూసి ఆనందించవచ్చు. అది అనుమతించినదే. ఫలకానికి అవతల వేరే విద్య, వేరే పరీక్ష. ఎక్స్‌లీ స్వయంగా 1994లో, నాలుగువేలకు పైగా గుహా డైవుల అనుభవంతో, మెక్సికోలోని జకతోన్ అనే అగాధంలో సుమారు 270 మీటర్ల లోతున మరణించాడు. దానిని అనుభవరాహిత్యమని ఎవరూ అనలేరు. అయితే అంతటి లోతులో అనుభవజ్ఞుడు అనే మాటకు అర్థమే లేదేమో. అక్కడ అందరూ క్రొత్తవారే.

చివరగా 2018 నాటి థాయిలాండు ఉదంతం. జూన్ 23న పన్నెండుగురు బాలురు, వారి ఫుట్‌బాల్ శిక్షకుడు థామ్ లువాంగ్ గుహలో వరదనీటికి చిక్కుకొన్నారు. జూలై 2న ఇద్దరు బ్రిటిషు గుహాడైవర్లు, రిక్ స్టాంటన్, జాన్ వొలాంథెన్, వారిని సజీవులుగా కనుగొన్నారు. థాయి నౌకాదళ వీరులు ధైర్యానికి పెట్టింది పేరు. కాని వారి విద్య సముద్రపు విద్య. కంటికి ఏమీ కనబడని బురదనీటి ఇరుకుమార్గాలు వారికి క్రొత్త. అయినా వెనుదీయలేదు. గాలి సిలిండర్లు లోపలికి చేరవేసి తిరిగివస్తూ, మాజీ నౌకాదళ సైనికుడు సమాన్ కునాన్ జూలై 6న ప్రాణాలర్పించాడు. ఆయన త్యాగానికి చేతులెత్తి నమస్కరిస్తూనే, ఆ గుహ ఎటువంటిదో ఆయన మరణమే లోకానికి తెలిపిందని చెప్పుకోక తప్పదు.

డైవింగు అంటే ఏమిటో ఎరుగని ఆ పసివాళ్ళను ఎట్లా తేవాలి? నాలుగు మాటలు నేర్పి వెంట నడిపించవచ్చునని కొందరు తలచారు. నిపుణులు అందుకు ఒప్పుకోలేదు. సగం నేర్చిన పిల్లవాడు చీకటిలో ఒక్కసారి బెదిరితే తానూ పోతాడు, తెచ్చేవానినీ పోగొడతాడు. పిల్లలకు మత్తుమందు ఇచ్చి, ముఖమంతా కప్పే ముసుగు తొడిగి, చేతులు కట్టి, మూటల వలె మోసుకొని రావాలని నిశ్చయించారు. ఆ మత్తు ఇచ్చినవాడు రిచర్డ్ హారిస్ అనే ఆస్ట్రేలియా వైద్యుడు. వృత్తి మత్తువైద్యం, ప్రవృత్తి గుహలలో డైవింగు. మౌంట్ గాంబియర్ ఉన్న దక్షిణ ఆస్ట్రేలియాయే ఆయన స్వస్థలం, ఆ ప్రాంతపు గుహలలో ఏళ్ళ తరబడి దిగినవాడు. జూలై 8 మొదలు 10 వరకు మూడు రోజులలో పదముగ్గురూ ప్రాణాలతో వెలుపలికి వచ్చారు.

నూటయాభై ఏళ్ళ ఈ కథలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ఇదే. సిమి స్పంజీ వీరులు, లింబా వంటి గురువు, షాఫ్ట్‌లో దిగిన యువకులు, వీరందరికీ నీటి విద్య వచ్చు. థామ్ లువాంగ్ పిల్లలకు ఏమీ రాదు. అయినా పిల్లలు బ్రతికారు. వారికి రాదని తెచ్చేవారు స్పష్టంగా ఎరిగి, ఆ రాకపోవడాన్ని లెక్కలో వేసుకొని ఏర్పాటు చేశారు గనుక. రాదన్న సంగతి తెలియడం కూడ ఒక విద్యే. దానిని ఒకచోట పదకొండు ప్రాణాలు చెల్లించి నేర్చుకొన్నారు. అక్కడి నీళ్ళలో ఆరితేరినవాడే మరొకచోట పదమూడు ప్రాణాలు నిలపడానికి చేయివేశాడు.

సామెతను మార్చవలసిన పనిలేదు, బ్లాగ్మిత్రులారా. ఈతకు మించిన లోతు లేదన్న మాట ఎవరైనా అన్నప్పుడు, ఆ ఈత ఏ నీటిలో నేర్చినదని ఒక్క ప్రశ్న అడిగితే చాలు.